ధర పెరిగింది గానీ బంగారం పెరగలేదు: రిజర్వు బ్యాంకుకు బహిరంగ లేఖ

భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి, ద్రవ్య విధాన కమిటీ సభ్యులకు నమస్కారం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఊళ్లలో తాకట్టు నగల విలువ కట్టేవాళ్లం, బంగారు రుణాల పద్దులు చూసేవాళ్లం, రైతుల అప్పుల లెక్కలు సరిచూసేవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మా విన్నపం ముఖ్యంగా ఒక్కటి. ఇప్పటికే తాకట్టులో ఉన్న నగ మీద అదనంగా అప్పు ఇచ్చేటప్పుడు, పాత అప్పు తిరగరాసేటప్పుడు ఆ నగ విలువను ఈ నెల ధరతో కట్టనివ్వకండి. ఏడాది సగటు ధరతో కట్టించండి.

ఇలా అడగడానికి ఆధారం మీ లెక్కల్లోనే ఉంది. 2025 అక్టోబరు 1 నాటి మీ ప్రకటన ప్రకారం ఆగస్టులో కోర్ ద్రవ్యోల్బణం, అంటే ఆహారం, ఇంధనం పక్కన పెట్టి చూసే ధరల పెరుగుదల, 4.2 శాతం. విలువైన లోహాలను తీసేస్తే అది 3.0 శాతమేనని కూడా మీరే చెప్పారు. 2012 ఆధార సంవత్సరంగా ఉన్న అప్పటి వినియోగ ధరల సూచీలో బంగారానికి ఇచ్చిన భారం 1.08 శాతం. వెండిది అందులో పదో వంతు. సూచీలో అంత చిన్న చోటున్న వస్తువులు కోర్ అంకెను ఒక శాతానికి పైగా లేపాయి. దాన్ని చూసి మీరు ఆర్థిక వ్యవస్థలో గిరాకీ వేడెక్కిందని అనుకోలేదు. పక్కన పెట్టి మిగతాది చూశారు, డిసెంబరులో రెపో రేటును (బ్యాంకులకు మీరిచ్చే అప్పు మీది వడ్డీని) 5.25 శాతానికి తగ్గించారు. సరైన పనే చేశారు. లండన్, న్యూయార్క్, షాంఘైలలో తేలే ధరను, డాలరుతో రూపాయి మారకం కదిలించే ధరను పట్టుకుని మన ఊరి గిరాకీని కొలవలేం.

మీ ఆస్తిఅప్పుల పట్టీలోనూ ఇదే జాగ్రత్త ఉంది. మీ దగ్గరున్న బంగారం ధర పెరిగితే వచ్చే లాభాన్ని మీరు ఆదాయంగా రాసుకోరు. అది కరెన్సీ, బంగారం పునర్మూల్యాంకన ఖాతాకు వెళుతుంది. అమ్మని బంగారం మీద కాగితపు లాభాన్ని కేంద్రానికి పంచకూడదని 2019లో మీ నిల్వల లెక్క చూసిన బిమల్ జలాన్ కమిటీ కూడా స్పష్టంగా చెప్పింది. రేపు ధర పడితే ఆ ఖాతాయే దెబ్బ కాచుకోవాలి కాబట్టి ఆ నియమం పెట్టుకున్నారు.

పాతిక గ్రాముల నగ ఉన్న ఇంటికి మాత్రం ఆ నియమం లేదు. ధర పెరిగిన నెల తిరిగేసరికి ఆ కాగితపు లాభంలో నూటికి 85 వంతులు అప్పుగా తీసుకోవచ్చని ఇప్పటి నిబంధన చెబుతోంది.

2025 జూన్ 6న మీరిచ్చిన ఆదేశాలను 2026 ఏప్రిల్ 1 నాటికి రుణ సంస్థలన్నీ అమలు చేయాలన్నారు. వాటి ప్రకారం వినియోగ అవసరాల రుణం రూ.2.5 లక్షల వరకైతే నగ విలువలో 85 శాతం, 5 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం ఇవ్వవచ్చు. విలువ కట్టేందుకు గత 30 రోజుల ముగింపు ధరల సగటు, నిన్నటి ముగింపు ధర, ఈ రెంటిలో తక్కువది తీసుకోవాలి. ఈ ఆదేశాల్లో మేం మనస్ఫూర్తిగా మెచ్చుకునేవి చాలా ఉన్నాయి. వాటిలో గొప్పది, అసలూ వడ్డీ గడువు చివర ఒకేసారి కట్టే రుణాల్లో చివరికి కట్టాల్సిన మొత్తం మీద పరిమితిని లెక్కించడం. 22 క్యారెట్ల నికర బరువు 25 గ్రాములు, గ్రాము రూ.11,500 అనుకుందాం. విలువ రూ.2,87,500, అందులో 85 శాతం రూ.2,44,375. ఏడాదికి 12 శాతం వడ్డీ అయితే చేతికి రావాల్సింది రూ.2,18,192 మాత్రమే, 18 శాతమైతే రూ.2,07,097. ఏడాది వడ్డీకి సరిపడా చోటు మొదటే వదిలినట్టవుతుంది.

నెలనెలా వడ్డీ కట్టే రుణంలో ఆ చోటు ఉండదు. అక్కడ మొదటి రోజే రూ.2,44,375 చేతికొస్తుంది. 18 శాతం చొప్పున నెలకు వడ్డీ సుమారు రూ.3,666. పంట చేతికి రాక మూడు నెలలు ఆగిపోతే బాకీ రూ.2,55,000 దాటుతుంది. అప్పుడు బంగారం 11 శాతం పడితే చాలు, నగ విలువ బాకీకి సమానమైపోతుంది. 11 శాతం పడటం అరుదేమీ కాదు. 2013 ఏప్రిల్ 12, 15 తేదీల్లో, రెండే ట్రేడింగ్ రోజుల్లో, ప్రపంచ ధర అంతకంటే ఎక్కువే పడింది. 2025 అక్టోబరు 20న ఔన్సు 4,381 డాలర్ల రికార్డు తాకిన బంగారం మరునాడు ఒక్క రోజులో 5 శాతానికి పైగా జారింది. ఇంటి నిర్ణయం వల్ల కూడా పడవచ్చు. 2024 జులై 23 బడ్జెట్‌లో దిగుమతి సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించగానే 10 గ్రాములకు సుమారు 4 వేల రూపాయలు ఒక్క రోజులో తగ్గింది. కొనేవాళ్లకు అది మంచి వార్తే, కానీ తాకట్టులో నగ ఉన్నవాళ్ల పూచీ విలువ ఆ మేరకు కరిగింది.

పరిమితిని ఎప్పుడు సడలిస్తున్నాం, ఎప్పుడు బిగిస్తున్నాం అన్నది అంకె కంటే ముఖ్యం. 2012 మార్చిలో, ధర బాగా ఎత్తున ఉండగా, బ్యాంకేతర సంస్థలకు 60 శాతం పరిమితి పెట్టారు. అప్పట్లో చాలామంది గగ్గోలు పెట్టారు. ఏడాదికే 2013 పతనం వచ్చింది, ఆ బిగింపు అక్కరకొచ్చింది. 2014 జనవరిలో, పడిన ధర దగ్గర, దాన్ని 75కు పెంచారు. ఎత్తులో బిగించి, పల్లంలో వదిలారు. అంతకంటే మంచి పద్ధతి ఉండదు.

2020లో దీనికి సరిగ్గా ఎదురు జరిగింది. కోవిడ్ కష్టంలో జనం చేతికి డబ్బు అందాలన్న మీ ఉద్దేశాన్ని మేం తప్పుపట్టం. ఆగస్టు 6న వ్యవసాయేతర బంగారు రుణాలకు బ్యాంకుల పరిమితిని 75 నుంచి 90 శాతానికి పెంచారు, 2021 మార్చి 31 వరకు. ఆ మరునాడే సరుకుల ఎక్స్ఛేంజి ఎంసీఎక్స్‌లో 10 గ్రాములు 56 వేలు దాటి అప్పటి రికార్డు పెట్టింది. 2021 మార్చి ఆఖరుకు 45 వేల దిగువకు వచ్చింది. 30 రోజుల సగటు కాపాడుతుంది కదా అనవచ్చు. ధర ఎగబాకుతున్న మొదటి వారాల్లో కాపాడుతుంది. నెల గడిచేసరికి ఆ ఎత్తే సగటైపోతుంది. సెప్టెంబరులో సగటు 51 వేలనుకుని లెక్కిస్తే 90 శాతం అంటే 45,900. ఏడు నెలలకు 9 శాతం చొప్పున వడ్డీ కలిపితే 48,300. నగ విలువ చూస్తే 45 వేలు కూడా లేదు. ఆ స్థితిలో విడిపించుకోవడం కంటే వదిలేయడమే లాభంగా కనిపిస్తుంది. వదిలేసిన నగ చాలా ఇళ్లలో ఆ ఇంటి ఆడవాళ్ల పేరున ఉన్న ఏకైక ఆస్తి.

ఇప్పుడు 85 శాతం కూడా అటువంటి వేళకే వచ్చింది. 2025లో డాలర్లలో బంగారం 60 శాతానికి పైగా పెరిగింది. బ్యాంకుల వ్యక్తిగత రుణాల పద్దులో బంగారు ఆభరణాల మీది బాకీ ఆ ఏడాది ద్వితీయార్ధంలో, అంతకు ముందటేడుతో పోలిస్తే, రెట్టింపుకు మించింది. ఇందులో కొత్తగా పెట్టిన నగలెన్ని? పాత నగల మీదే పెరిగిన అప్పెంత? మీరు ప్రచురించే పట్టికల్లో రూపాయలే ఉంటాయి, గ్రాములు ఉండవు. ఈ సంగతికి మళ్లీ వస్తాం.

పాత నగ మీద అప్పు ఎలా పెరుగుతుందో చూడండి. గ్రాము రూ.5,700 ఉన్నప్పుడు పాతిక గ్రాముల హారం మీద 75 శాతం చొప్పున రూ.1,06,875 వచ్చింది. ఏడాది తిరిగేసరికి అసలు కట్టే స్తోమత లేక తిరగరాయించుకున్నారు. ధర పెరిగింది కాబట్టి వడ్డీ సర్దుబాటై, పైన కొంత చేతికి కూడా వచ్చింది. మరుసటి ఏడూ అంతే. గ్రాము రూ.11,500 అయ్యేసరికి అదే హారం మీద రూ.2,44,375 వరకు దొరుకుతోంది. తెచ్చిన అప్పు తీర్చాల్సింది హారం కాదు, పంట. 2023-24లో సాధారణ రకం వరి మద్దతు ధర క్వింటాకు రూ.2,183. మొదటి అప్పు తీర్చడానికి 49 క్వింటాళ్లు అమ్మితే చాలు. 2025-26లో ఆ ధర రూ.2,369. ఇప్పటి అప్పు తీరాలంటే 103 క్వింటాళ్లు కావాలి, వడ్డీ కాకుండానే. పొలం అంతే ఉంది, దిగుబడి అంతే ఉంది, నగా అంతే ఉంది.

బంగారం ధర, పంట ధర ఇలా ఎడమొహం పెడమొహంగా నడవడానికి కారణం కూడా మీ ప్రకటనల్లోనే దొరుకుతుంది. 2025 అక్టోబరులో వినియోగ ధరల ద్రవ్యోల్బణం 0.25 శాతానికి దిగింది, ఆహార పదార్థాల ధరలు ఏడాది కిందటితో పోలిస్తే 5 శాతం తక్కువ. వడ్డీ రేట్లు తగ్గించే వీలు మీకు వచ్చింది అందువల్లే. కానీ ఆ ఆహార ధరలే రైతు రాబడి. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి, ఆంధ్రప్రదేశ్ రైతుల కోసం కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు రూ.11,781 ప్రకటించాల్సి వచ్చింది. అదే ఏడాది బంగారం రికార్డు మీద రికార్డు పెట్టింది. రాబడి తగ్గిన కాలంలోనే అప్పు పుట్టే శక్తి పెరిగిందన్నమాట. పూచీ ధరా, తీర్చే ఆదాయమూ ఒకదానికొకటి ఎదురు నడిచినప్పుడు, పూచీని మాత్రమే చూసి ఇచ్చిన అప్పు ఎక్కడో ఒకచోట తెగుతుంది. రూ.2.5 లక్షల లోపు రుణాలకు తీర్చే స్తోమతను వివరంగా పరిశీలించనక్కర్లేదని మీ ఆదేశాలు వెసులుబాటిచ్చాయి. పేదలకు అప్పు త్వరగా అందడానికి అది అవసరమే. అయితే స్తోమత చూడని చోట విలువ కట్టడంలోనైనా నెమ్మది ఉండాలి.

మేం అడిగే మార్పు ఎలా పనిచేస్తుందో అదే హారంతో చూపిస్తాం. తిరగరాసేటప్పుడు, అదనపు అప్పు ఇచ్చేటప్పుడు మూడు ధరలు చూడాలి: నిన్నటి ముగింపు, 30 రోజుల సగటు, 365 రోజుల సగటు. మూడింట్లో తక్కువదానితో విలువ కట్టాలి. ఏడాదిలో గ్రాము రూ.7,500 నుంచి సమంగా రూ.11,500కు పెరిగి ఉంటే ఏడాది సగటు రూ.9,500. పాతిక గ్రాముల విలువ రూ.2,37,500, దానిలో 85 శాతం రూ.2,01,875. ఇప్పటి పద్ధతి కంటే రూ.42,500 తక్కువ. మర్నాటి నుంచి ధర 15 శాతం పడినా నగ విలువ రూ.2,44,375 ఉంటుంది, బాకీ అందులో 83 శాతం లోపే. నోటీసు రాదు, వేలం రాదు. ధర పడుతున్న కాలంలో ఏడాది సగటు పైన ఉంటుంది కాబట్టి నిన్నటి ధరే వర్తిస్తుంది, రుణ సంస్థకూ నష్టం లేదు. ఇందుకు కొత్త యంత్రాంగమేమీ అక్కర్లేదు. ఇండియా బులియన్ అండ్ జువెలర్స్ అసోసియేషన్ రోజువారీ ధరలనే ఇప్పుడు 30 రోజులకు సగటు కడుతున్నారు, దాన్నే 365 రోజులకు కట్టాలి.

మొదటిసారి తాకట్టుకు మాత్రం ఈ నియమం వద్దంటున్నాం. ఆసుపత్రి ఖర్చుకో, కాలేజీ ఫీజుకో నగ తెచ్చినవాళ్లకు బ్యాంకులో యాభై వేలు తక్కువొస్తే ఆ యాభై వేల కోసం నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి బయట చేయి చాపుతారు. ఆ బాధ మాకు తెలుసు. ప్రమాదం మొదటి అప్పులో కన్నా, ధర పెరిగిన ప్రతిసారీ దాన్ని పెంచుకుంటూ పోవడంలోనే ఎక్కువ ఉంది.

తిరగరాతలో మరో చిక్కుంది. ఒకేసారి చెల్లించే రుణాన్ని పెరిగిన వడ్డీ కట్టాకే తిరగరాయాలని మీ నిబంధన చెబుతోంది. కాగితం మీద వడ్డీ కట్టినట్టే ఉంటుంది. చాలాచోట్ల ఆ డబ్బు ఒక్క పూటకు బయటివాళ్ల దగ్గర తెస్తారు. పొద్దున లోను మూసి, మధ్యాహ్నానికి అదే నగతో కొత్త లోను తీసి, ఆ డబ్బులోంచి అప్పూ కమీషనూ తీర్చేస్తారు. లెక్కల్లో పాత రుణం సక్రమంగా తీరినట్టు, కొత్తది పుట్టినట్టు నమోదవుతుంది. మొండి బాకీ ఎప్పటికీ బయటపడదు. పాత లోను మూసిన మూడు రోజుల్లోపు అదే వ్యక్తికి అవే నగల మీద ఇచ్చిన అప్పును తిరగరాతగానే లెక్కించాలని ఒక్క వాక్యం చేర్చితే ఈ దారి చాలావరకు మూసుకుంటుంది. రెండోసారి తిరగరాసేటప్పటి నుంచి అసలులో పదో వంతు జమ చేయించే ఆలోచన కూడా చేయండి. పంట పోయిన మండలాలకు మినహాయింపు ఉండాలి.

ఇక ధర పడినప్పటి సంగతి. పరిమితిని రుణం ఉన్నంతకాలం నిలబెట్టాలని మీరన్నారు, అంటే ధర పడితే రుణగ్రహీత డబ్బు కట్టాలి, లేదా మరో నగ పెట్టాలి. మూడో దారి కూడా ఉండాలి: ఉన్న నగల్లో ఒకటి అమ్మి బాకీ తగ్గించుకోవడం. సాధారణంగా నగలన్నీ ఒకే సంచిలో, ఒకే లోను కింద సీలు చేస్తారు. నాలుగు గాజులు, ఒక గొలుసు పెట్టిన మనిషి రెండు గాజుల విలువ కట్టినా ఏదీ చేతికి రాదు, మొత్తం కడితేనే సంచి తెరుస్తారు. విలువ పత్రంలో ప్రతి వస్తువుకూ విడిగా మొత్తం బరువు, రాళ్లూ లక్కా పూసలూ దారం కింద తీసేసిన తరుగు, నికర బరువు, క్యారెట్ రాస్తే భాగ విడుదలకు అడ్డేమీ ఉండదు. రూ.2.5 లక్షల లోపు రుణాలకు దీన్ని హక్కుగా ఇవ్వండి. పరిమితి దాటిందని నోటీసిచ్చాక కనీసం 60 రోజుల గడువూ ఇవ్వండి.

తరుగు దగ్గర జరిగే అన్యాయం చిన్నగా కనిపిస్తుంది గానీ మొత్తం లెక్క అక్కడే మారుతుంది. రాళ్ల నెక్లెస్ 40 గ్రాములు తూగితే రాయి, లక్క కింద ఎంత తీయాలన్నది విలువ కట్టేవారి అంచనా. 3 గ్రాములు తీయాల్సిన చోట 6 తీస్తే గ్రాము రూ.11,500 చొప్పున రూ.34,500 విలువ పోతుంది. అప్పు తక్కువ రావడంతో అయిపోదు. వేలం వచ్చిన రోజున కనీస ధర కూడా ఆ తక్కువ బరువు మీదే లెక్కిస్తారు. క్యారెట్ విషయమూ అంతే. గీటురాయి మీద ఆమ్లం పరీక్షలో చూసే చెయ్యిని బట్టి ఒక క్యారెట్ అటూ ఇటూ పోవచ్చు. ఎక్స్‌రే యంత్రం పైపొర మాత్రమే చదువుతుంది, మెరుగు పెట్టిన పాత నగకు ఎక్కువ, అతుకులున్న చోట తక్కువ చూపించవచ్చు. రుణగ్రహీత ఎదుటే పరీక్షించాలి, పత్రం రెండు ప్రతులు రాయాలి అన్న మీ నియమాలు మంచివి. రెండో పరీక్ష అడిగే హక్కు, ఎక్కువ తేడా వస్తే దాని ఖర్చు సంస్థే భరించడం కూడా వాటికి చేర్చండి.

వేలం కనీస ధర ప్రస్తుత విలువలో 90 శాతం, రెండుసార్లు విఫలమైతే 85 శాతం, మిగులు డబ్బు 7 పని దినాల్లో వాపసు అన్నారు. మిగులు లెక్క చీటీలో అమ్మిన బరువు, గ్రాముకు వచ్చిన ధర, ఆ రోజు మార్కెట్ ధర పక్కపక్కనే ఉండాలని కూడా చెప్పండి. ఇప్పుడు చాలా చీటీల్లో మొత్తం అంకె ఒక్కటే ఉంటుంది, దాన్ని సరిచూసుకునే దారి ఉండదు.

వడ్డీ గురించి రెండు మాటలు. 2025లో రెపో రేటు 6.5 నుంచి 5.25కు వచ్చింది. ఇంటి రుణం ఉన్నవారికి అది ఎంతో కొంత చేరింది. స్థిర వడ్డీతో ఏడాదికి తీసుకునే బంగారు రుణానికి అది చేరే దారి లేదు, బ్యాంకేతర సంస్థలకైతే రెపో లాంటి బయటి కొలమానంతో ముడిపెట్టే నిబంధనే వర్తించదు. పైగా కొన్ని పథకాల్లో నెలలోపు వడ్డీ కడితే ఒక రేటు, మూడు నెలలు దాటితే మొదటి రోజు నుంచే అంతకంటే చాలా ఎక్కువ రేటు. రుణం షరతులు రాసిచ్చే కీలక వివరాల పత్రంలో వార్షిక రేటు రాస్తున్నారు, మంచిదే. మన దగ్గర జనం వడ్డీని నూటికి నెలకు ఎన్ని రూపాయలని లెక్కేసుకుంటారు. 24 శాతం అని రాసిన చోట నూటికి నెలకు 2 రూపాయలని కూడా రాయించండి. ఆలస్యమైతే పడే గరిష్ఠ రేటును కూడా అదే వరుసలో, అదే సైజు అక్షరాల్లో, తెలుగులో.

పంట రుణాల సంగతి ఇంకా సున్నితం. 85, 80, 75 శ్లాబులు వినియోగ రుణాలకే, పంటకో వ్యాపారానికో ఇచ్చే వాటికి సంస్థలు తమ విధానాన్ని రాసుకుంటాయి. తిరగరాతకు మేం అడిగిన ఏడాది సగటును వాటికీ వర్తింపజేయండి. రూ.2 లక్షల వరకు వ్యవసాయ రుణం పూచీ లేకుండా ఇవ్వాలి, అయితే రైతు తనంతట తాను బంగారం పెడితే అది ఉల్లంఘన కాదని 2025 జులైలో మీరు వివరణ ఇచ్చారు. భూమి కాగితాలు లేని కౌలు రైతు విషయంలో ‘తనంతట తాను’ అన్నదానికి అర్థం చాలా తక్కువ. బంగారం లేకపోతే అప్పు లేదని కౌంటర్ దగ్గర చెబితే పెట్టక ఏం చేస్తాడు? స్వచ్ఛందంగా పెట్టారని సంతకం తీసుకునే ముందు, పూచీ లేని రుణానికి దరఖాస్తు ఇచ్చారా, దాన్ని ఎందుకు కాదన్నారు అన్నది ఆ కాగితం మీదే రాయించండి.

చివరిగా గ్రాముల సంగతి. ప్రతి నెలా రంగాలవారీ రుణాల పట్టికలో బంగారు రుణాల బాకీని రూపాయల్లో ఇస్తున్నారు. దాని పక్కన తాకట్టులో ఉన్న నికర బంగారం ఎన్ని టన్నులో, ఆ నెల ఇచ్చిన రుణాల్లో తిరగరాతలూ అదనపు అప్పులూ ఎంత వాటానో, వేలానికి వెళ్లింది ఎన్ని కిలోలో, ఈ మూడు వరుసలు చేర్చండి. రూపాయలు రెట్టింపై టన్నులు అక్కడే ఉంటే, పెరిగింది అప్పేనని ద్రవ్య విధాన కమిటీకి ఆ నెలే తెలుస్తుంది. సంస్థల దగ్గర ఈ లెక్కలన్నీ ఉన్నాయి. ప్రతి సంచి మీదా బరువు రాసే సీలు వేస్తారు. మీరు అడిగితే వచ్చే త్రైమాసికం నుంచే ఇవ్వగలరు.

ఇట్లు,
తాకట్టు నగల లెక్కలు చూసే కొందరం,
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ